‘సర్వర్ డౌన్’ అంటే నిజంగా సర్వరేనా? ఆఫీసు నెట్‌వర్క్‌ను ముంచే ఒక్క కంప్యూటర్‌ను ఎలా పట్టుకోవాలి

మీసేవ కేంద్రంలో, సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో, బ్యాంకులో, ఆసుపత్రి బిల్లింగ్ కౌంటర్ దగ్గర వరుసలో నిలబడిన వాళ్లంతా ఎప్పుడో ఒకసారి విన్న మాట ‘సర్వర్ డౌన్’. ఆ మాట వినగానే ఇక ఎవరూ ఏమీ అడగరు. ఎక్కడో హైదరాబాద్‌లోనో ఢిల్లీలోనో ఏదో పెద్ద యంత్రం ఆగిపోయిందనీ, అది మన చేతుల్లో లేదనీ అందరూ సర్దుకుపోతారు. రోజు కూలీ వదులుకుని వచ్చినవాళ్లు మర్నాడు మళ్లీ వస్తారు.

కానీ ఆ రెండు పదాల వెనక కనీసం మూడు వేర్వేరు సమస్యలు ఉండొచ్చు. ఒకటి, నిజంగానే దూరంలో ఉన్న సర్వర్ పనిచేయకపోవడం. రెండు, ఆఫీసుకు వచ్చే ఇంటర్నెట్ లైన్ తెగిపోవడం. మూడు, ఆ గదిలోని నెట్‌వర్కే స్తంభించిపోవడం. మొదటి రెండింటికి ఎదురుచూడటం తప్ప ఆఫీసు సిబ్బంది చేయగలిగింది తక్కువ. మూడోది మాత్రం అక్కడున్నవాళ్లే గంటలోపు తేల్చుకోగలిగినది. అయినా చాలాసార్లు అందరికీ చివరగా గుర్తొచ్చేది అదే.

ఆ ఆలస్యం ఖరీదు ఎంతో చెప్పడానికి లాస్ ఏంజెలెస్ విమానాశ్రయంలో జరిగినదానికి మించిన ఉదాహరణ దొరకదు.

17 వేల మందిని ఆపేసిన నెట్‌వర్క్ కార్డు

2007 ఆగస్టు 11, శనివారం. విదేశాల నుంచి వచ్చే ప్రయాణికులను తనిఖీ చేసే అమెరికా కస్టమ్స్ విభాగం కంప్యూటర్లు లాస్ ఏంజెలెస్ అంతర్జాతీయ విమానాశ్రయంలో మధ్యాహ్నం వేళ పనిచేయడం మానేశాయి. పాస్‌పోర్టు వివరాలను సరిచూసుకోవడానికి వీల్లేకపోయింది. ఒకదాని వెనక ఒకటిగా విమానాలు దిగుతున్నాయి. ఎవరినీ బయటకు పంపలేని పరిస్థితి. చాలామంది గంటల తరబడి విమానాల్లోనే కూర్చోవాల్సి వచ్చింది. సుమారు పది గంటలపాటు సాగిన ఈ గందరగోళంలో 17 వేల మందికి పైగా చిక్కుకున్నారు.

మొదట అనుమానం బయటి లైన్ మీదకు వెళ్లింది. టెలికాం కంపెనీని పిలిచారు. లైన్లు పరీక్షించడంలో గంటలు గడిచాయి. చివరికి లైన్ బాగానే ఉందని, లోపం భవనం లోపలే ఉందని తేలింది. ఒక డెస్క్‌టాప్ కంప్యూటర్‌లోని నెట్‌వర్క్ కార్డు సగం పాడై, దాని ప్రభావం మిగతా యంత్రాలకు పాకి వ్యవస్థ మొత్తం కూలిపోయిందని అధికారులు ఆ తర్వాత ప్రకటించారు. హ్యాకింగ్ లేదు, ఉగ్రవాద కుట్ర లేదు. చిన్న సర్క్యూట్ బోర్డు ఒకటి, అంతే.

ఇక్కడ గమనించాల్సిన మాట ‘సగం పాడైన’ అన్నదే. కార్డు పూర్తిగా పాడైపోయి ఉంటే ఆ ఒక్క కంప్యూటర్ ఆగేది. మిగతావాటికి ఏమీ అయ్యేది కాదు. నెట్‌వర్క్‌ల విషయంలో చచ్చిన యంత్రం కంటే సగం చచ్చిన యంత్రం ప్రమాదకరం. అది మౌనంగా ఉండదు, తప్పుగా మాట్లాడుతూనే ఉంటుంది.

ఇది కొత్త సంగతి కూడా కాదు. ఇంటర్నెట్‌కు పూర్వరూపమైన ఆర్పానెట్ 1980 అక్టోబర్ 27న దాదాపు నాలుగు గంటలపాటు స్తంభించింది. హార్డ్‌వేర్ లోపం వల్ల ఒక నోడ్ పేరిట వెళ్లే స్థితి సందేశాల వరుస సంఖ్యలు చెడిపోయాయి. మూడు సందేశాలు తయారై, ఒక్కొక్కటీ మరొకదానికంటే ‘కొత్తది’ అన్నట్టు కనిపించడంతో మిగతా యంత్రాలు వాటిని ఆగకుండా ఒకదానికొకటి పంపుకుంటూ పోయాయి. అసలు పనికి సమయమే మిగల్లేదు.

ఒక్క యంత్రం అందరినీ ఎలా ఆపగలదు?

ఆఫీసులో కంప్యూటర్ల కేబుళ్లన్నీ వచ్చి చేరే డబ్బాను స్విచ్ అంటారు. అది మామూలుగా పోస్ట్‌మన్‌లా పనిచేస్తుంది. ఎవరి పేరుతో వచ్చిన ఉత్తరం వాళ్లకే ఇస్తుంది. నాలుగో నంబర్ కంప్యూటర్ ప్రింటర్‌కు పంపిన ఫైలు మిగతావాళ్ల తలుపు తట్టదు.

అయితే కొన్ని సందేశాలు అందరికీ చేరాలి. ‘ఈ అడ్రస్ ఎవరిది?’, ‘నాకు ఒక అడ్రస్ ఇస్తారా?’ లాంటి ప్రశ్నలు ఇవి. వీటిని బ్రాడ్‌కాస్ట్ అంటారు. ఊళ్లో దండోరా వేయడంతో పోల్చవచ్చు. డప్పు చప్పుడు వినగానే ప్రతి ఇంటివాళ్లూ చేతిలో పని ఆపి చెవి ఒగ్గాలి. ఆ కబురు తమకు సంబంధించినది కాదని తెలిశాకే మళ్లీ పనిలో పడాలి. రోజుకు నాలుగుసార్లు అయితే ఇబ్బంది లేదు. దండోరా వేసేవాడు ఆగకపోతే ఊళ్లో ఏ పనీ సాగదు.

లోపం ఉన్న కంప్యూటర్ చేసేది ఇదే. ఈథర్‌నెట్‌లో అతిచిన్న సందేశం 64 బైట్లు. సెకనుకు 100 మెగాబిట్ల వేగం ఉన్న పోర్టు నుంచి అలాంటివి సెకనుకు 1,48,810 దాకా పంపవచ్చు. గిగాబిట్ పోర్టు అయితే 14,88,095. అవన్నీ బ్రాడ్‌కాస్టులైతే స్విచ్ ప్రతిదానికీ నకలు తీసి అన్ని పోర్టులకూ పంపుతుంది. ప్రతి కంప్యూటర్ ప్రతి నకలునూ చదవాలి. కేబుళ్లు నిండిపోతాయి, పాత కంప్యూటర్ల ప్రాసెసర్లు ఉక్కిరిబిక్కిరవుతాయి. దీన్నే బ్రాడ్‌కాస్ట్ స్టార్మ్ అంటారు.

కొన్నిసార్లు దీనికి పాడైన యంత్రం కూడా అక్కర్లేదు. ఊడ్చేటప్పుడు కింద పడి ఉన్న కేబుల్ కొసను ఎవరో పొరపాటున అదే స్విచ్‌లో మరో పోర్టుకు గుచ్చితే చాలు. స్విచ్ నుంచి బయల్దేరిన సందేశం తిరిగి స్విచ్‌కే వస్తుంది, మళ్లీ బయల్దేరుతుంది. ఇంటర్నెట్‌లో తిరిగే ప్యాకెట్లకు ఆయుష్షు ఉంటుంది. రౌటర్ దాటిన ప్రతిసారీ ఒక అంకె తగ్గి, సున్నాకు చేరగానే అవి చచ్చిపోతాయి. స్విచ్‌ల మధ్య తిరిగే ఈథర్‌నెట్ సందేశాలకు అలాంటి ఆయుష్షు లేదు. ఎవరైనా కేబుల్ పీకేదాకా అవి తిరుగుతూనే ఉంటాయి.

ఇరవయ్యో తారీఖున నెట్‌వర్క్ ఆగితే

ఇప్పుడు ఒక చిన్న ఆఫీసును ఊహించుకుందాం. జంషెడ్‌పూర్‌లోని సిద్ధగోరాలో పన్నుల లెక్కలు చూసే ఆఫీసు అది. పదహారు కంప్యూటర్లు, ఒక ప్రింటర్, ట్యాలీ డేటా ఉండే ఒక యంత్రం. నది అవతల ఆదిత్యపూర్ పారిశ్రామికవాడలోని చిన్న యూనిట్ల జీఎస్టీ రిటర్నులు ఇక్కడి నుంచే వెళ్తాయి అనుకుందాం. ఈరోజు ఇరవయ్యో తారీఖు. నెలనెలా జీఎస్టీఆర్-3బీ దాఖలు చేసేవాళ్లకు ఇదే గడువు. దాటితే రోజుకు 50 రూపాయల ఆలస్య రుసుము, కట్టాల్సిన పన్ను మీద ఏడాదికి 18 శాతం వడ్డీ. మధ్యాహ్నం పన్నెండుకు అందరి స్క్రీన్లూ ఒకేసారి ఆగిపోయాయి.

“నెట్ పోయింది, కంపెనీకి ఫోన్ కొట్టు” అన్నది సహజంగా వచ్చే మాట. లాస్ ఏంజెలెస్‌లో జరిగిందీ అదే. ఫోన్ చేసేముందు ఐదు నిమిషాలు వెచ్చిస్తే ఆ కాల్ అవసరమో కాదో తెలిసిపోతుంది.

మొదటి ప్రశ్న: లోపలా, బయటా?

పక్క గదిలోని ప్రింటర్‌కు ఒక పేజీ పంపండి. ట్యాలీ డేటా ఉన్న యంత్రాన్ని తెరవండి. ఈ రెండింటికీ ఇంటర్నెట్‌తో పని లేదు. అవి పనిచేస్తుంటే లోపం బయట ఉండే అవకాశం ఎక్కువ. అవి కూడా అందకపోతే బయటి కంపెనీని నిందించి లాభం లేదు.

తర్వాత రౌటర్‌కు పింగ్ కొట్టండి. ఆఫీసు లోపల జవాబు సాధారణంగా ఒక మిల్లీసెకను అటూఇటూగా రావాలి. వందల మిల్లీసెకన్లు పడుతున్నా, మధ్యమధ్య జవాబే రాకపోయినా లోపల రద్దీ ఉందన్నమాట. చివరగా బయటి నుంచి వచ్చే ఇంటర్నెట్ కేబుల్‌ను రౌటర్ నుంచి ఊడదీసి మళ్లీ చూడండి. అప్పటికీ లోపలి పింగ్ మారకపోతే ఇక సందేహం అక్కర్లేదు.

స్విచ్ మీది లైట్లు కూడా సాక్ష్యం చెబుతాయి. మామూలు రోజున అవి ఒక్కొక్కటి ఒక్కో లయలో మినుకుమంటాయి. దండోరా తుపాను నడుస్తున్నప్పుడు దాదాపు అన్నీ ఒకే వేగంతో, ఆగకుండా కొట్టుకుంటాయి. ఎవరూ పని చేయని భోజన విరామంలో కూడా అలాగే ఉంటే అది తప్పకుండా అనుమానించాల్సిన విషయం.

రెండో ప్రశ్న: ఎవరు?

ఇక్కడే చాలామంది అన్ని కంప్యూటర్లనూ, స్విచ్‌నూ ఆపి మళ్లీ ఆన్ చేస్తారు. కొన్నిసార్లు సమస్య మాయమవుతుంది కూడా. అదే చిక్కు. ఏ యంత్రం వల్ల వచ్చిందో చెప్పే ఆధారాలన్నీ ఆ రీస్టార్ట్‌తో చెరిగిపోతాయి. రెండు రోజుల తర్వాత అదే తుపాను మళ్లీ వస్తుంది. గడువు రోజున వస్తే మళ్లీ మొదటి నుంచి వెతుకులాట.

దానికంటే సగం సగం చేసి వెతకడం మేలు. ముందు అందరినీ తెరిచిన ఫైళ్లు సేవ్ చేసి మూసేయమనండి. లేకపోతే ట్యాలీ డేటా చెడిపోవచ్చు. స్విచ్‌ను ఫోన్‌తో ఒక ఫొటో తీసి, ప్రతి కేబుల్‌కూ చిన్న చీటీ అంటించండి. ట్యాలీ యంత్రం నుంచి రౌటర్‌కు ఆగకుండా పింగ్ నడుస్తూ ఉండాలి. ఇప్పుడు పదహారు కేబుళ్లలో ఎనిమిది ఊడదీయండి. పింగ్ బాగుపడితే దోషి ఊడదీసిన ఎనిమిదిలో ఉన్నట్టు. బాగుపడకపోతే మిగిలినవాటిలో. ఆ ఎనిమిదిని నాలుగు, నాలుగును రెండు, రెండును ఒకటి. పదహారు కంప్యూటర్లకు నాలుగు అడుగులు చాలు. ముప్ఫై రెండు ఉంటే ఐదు. వెయ్యి ఉన్నా పదే.

రెండు జాగ్రత్తలు. కంప్యూటర్‌ను షట్‌డౌన్ చేస్తే సరిపోదు, కేబుల్ పీకాలి. ఆపేసిన కంప్యూటర్‌లో కూడా నెట్‌వర్క్ కార్డుకు కొద్దిపాటి కరెంటు అందుతూ ఉంటుంది. నిద్రావస్థలోకి వెళ్లిన డెస్క్‌టాప్‌లు నెట్‌వర్క్‌ను ఐపీవీ6 సందేశాలతో ముంచెత్తిన ఉదంతాలు 2014 ప్రాంతంలో బయటపడ్డాయి. కార్డు డ్రైవర్‌ను అప్‌డేట్ చేయడమే దానికి మందు. స్క్రీన్ నల్లగా ఉంది కాబట్టి ఆ యంత్రం నిర్దోషి అనుకోకూడదు.

రెండోది, ఊడదీసిన కేబుల్ వెళ్లే చోటు చూడాలి. దాని చివర కంప్యూటర్ కాకుండా టేబుల్ కింద మరో చిన్న స్విచ్ ఉండొచ్చు, దానికి మరో నాలుగు యంత్రాలు ఉండొచ్చు. రెండు కొసలూ స్విచ్‌లోకే వెళ్లిన కేబుల్ ఉంటే ఏ కొస పీకినా సమస్య పోతుంది.

నెట్‌వర్క్ గురించి కొంత తెలిసినవాళ్లు వైర్‌షార్క్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌తో ఇంకా త్వరగా పట్టుకోవచ్చు. వరదలా వస్తున్న సందేశాల మీద పంపినవారి మ్యాక్ అడ్రస్ కనిపిస్తుంది. అందులో మొదటి ఆరు అక్షరాలను బట్టి ఆ కార్డు ఏ కంపెనీ తయారీయో సాధారణంగా తెలుస్తుంది. అయితే కొన్ని లోపాలు అందులో కనిపించవు. ఉదాహరణకు, వేలాడిపోయిన కంప్యూటర్ కార్డు స్విచ్‌కు ‘కాసేపు ఆగు’ అనే సందేశాలు ఆపకుండా పంపవచ్చు. ఇది ఈథర్‌నెట్ నియమాల్లో ఉన్న సదుపాయమే. చవక స్విచ్‌లలో కొన్ని ఆ ఒక్క పోర్టు కోసం ఆగి, అందరినీ ఆపేస్తాయి. ఆ సందేశాలు స్విచ్ దాటి ఇతర పోర్టులకు రావు కాబట్టి మన ల్యాప్‌టాప్‌కు కనబడవు. కేబుల్ పీకే పద్ధతి మాత్రం దీన్నీ పట్టిస్తుంది.

మూడో ప్రశ్న: ఎందుకు?

దోషి దొరకగానే ఆ కంప్యూటర్‌ను విడిగా ఉంచి మిగతావాళ్ల పని మొదలుపెట్టించాలి. గడువు రోజున ముందు జరగాల్సింది అదే. కారణం వెతకడం సాయంత్రం చేయవచ్చు. అప్పుడు ఒక్కసారి ఒక్క మార్పే చేయాలి.

ముందు కేబుల్ మార్చండి. తర్వాత స్విచ్‌లో పోర్టు మార్చండి. రెండింటితోనూ తేడా లేకపోతే ఆ కంప్యూటర్‌ను పెన్‌డ్రైవ్ నుంచి లినక్స్‌తో బూట్ చేసి చూడండి. అప్పుడు కూడా వరద ఆగకపోతే కార్డు చెడిపోయి ఉండే అవకాశం ఎక్కువ. ఝార్ఖండ్‌లో పిడుగుపాట్లు ఎక్కువ. రాగి కేబుల్ ద్వారా వచ్చే ఉద్ధృతికి కార్డు పూర్తిగా కాలకుండా సగం దెబ్బతినొచ్చు. కొత్త కార్డు ఖర్చు వందల రూపాయల్లోనే ఉంటుంది.

లినక్స్‌లో ప్రశాంతంగా ఉండి విండోస్‌లోనే వరద వస్తుంటే డ్రైవర్‌నో, వైరస్‌నో అనుమానించాలి. రెండో అనుమానాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. 2003 జనవరి 25న బయటపడిన ‘స్లామర్’ అనే వార్మ్ పరిమాణం 376 బైట్లే. దానికి లొంగే అవకాశం ఉన్న కంప్యూటర్లలో 90 శాతానికి అది పది నిమిషాల్లో సోకిందని పరిశోధకులు లెక్కగట్టారు. అది ఫైళ్లేమీ చెరపలేదు. తన నకళ్లను పంపే వేగంతోనే నెట్‌వర్క్‌లను కూల్చింది. కాబట్టి వైరస్ అనుమానం ఉన్న యంత్రాన్ని శుభ్రం చేసేదాకా తిరిగి కలపకూడదు.

ఇంకో రకం దోషి తుపాను సృష్టించదు, తప్పుదారి పట్టిస్తుంది. ఎవరో ఇంట్లో మిగిలిన వైఫై రౌటర్‌ను తెచ్చి ఆఫీసు కేబుల్‌కు తగిలిస్తారు. అది కూడా కంప్యూటర్లకు అడ్రస్‌లు పంచడం మొదలుపెడుతుంది. అప్పుడు కొందరికి నెట్ వస్తుంది, కొందరికి రాదు. పనిచేసే కంప్యూటర్ ఐపీ అడ్రస్‌నూ, పనిచేయని దాని అడ్రస్‌నూ పక్కపక్కన పెట్టి చూస్తే తేడా బయటపడుతుంది.

తప్పు యంత్రానిదా, అమరికదా?

యంత్రం దొరికాక ఆఫీసుల్లో సాధారణంగా మనిషిని వెతుకుతారు. ‘ఆ సీట్లో కూర్చునేది ఎవరు? ఏం నొక్కారు?’ అంటారు. కానీ కార్డు పాడవడంలో ఆ ఉద్యోగి తప్పేమీ ఉండదు. ఒక టేబుల్ మీద వచ్చిన లోపం అన్ని టేబుళ్లకూ పాకనిచ్చిన అమరికను ఎవరు చేశారన్నది అసలు అడగాల్సిన ప్రశ్న.

బోస్టన్‌లోని బెత్ ఇజ్రాయెల్ డీకనెస్ మెడికల్ సెంటర్ ఈ పాఠం పెద్ద మూల్యం చెల్లించి నేర్చుకుంది. 2002 నవంబర్‌లో ఒక పరిశోధకుడి ప్రోగ్రామ్ నుంచి ఒక్కసారిగా వచ్చిన భారీ డేటాతో ఆ ఆసుపత్రి నెట్‌వర్క్ కుప్పకూలింది. దాదాపు నాలుగు రోజులు డాక్టర్లు, నర్సులు కాగితాల మీద రాసుకుంటూ వైద్యం చేశారు. అక్కడి ఐటీ అధిపతి జాన్ హలామ్కా ఆ వైఫల్యాన్ని దాచలేదు. బహిరంగంగా వివరించారు. అవసరం వచ్చినప్పుడల్లా ఒక ముక్క తగిలిస్తూ పోయిన నెట్‌వర్క్ అది. స్విచ్‌ల మధ్య సందేశాలు చక్కర్లు కొట్టకుండా చూసే స్పానింగ్ ట్రీ పద్ధతి ఆ పరిమాణాన్ని మోయలేకపోయింది. 1985లో రేడియా పెర్ల్‌మన్ రూపొందించిన ఆ పద్ధతి నేటికీ ప్రపంచమంతా వాడుకలో ఉంది. కానీ హద్దులు దాటి పెరిగిన నెట్‌వర్క్‌ను అదొక్కటే కాపాడలేదు. చివరికి నెట్‌వర్క్‌ను గదులు గదులుగా విడగొట్టి, మధ్యలో రౌటర్లు పెట్టాల్సి వచ్చింది.

చిన్న ఆఫీసుకూ సూత్రం అదే. పదహారు కంప్యూటర్లున్న చోట చేయదగినవి ఎక్కువేమీ లేవు.

స్విచ్ కొనేటప్పుడు బ్రాడ్‌కాస్ట్ తుపానును అడ్డుకునే స్టార్మ్ కంట్రోల్, చక్కర్లను పసిగట్టే లూప్ డిటెక్షన్ ఉన్నవి ఎంచుకోవాలి. ఇవి ఉంటే హద్దు దాటిన పోర్టును స్విచ్ తనంతట తానే అదుపు చేస్తుంది. ఆ సీటు ఒక్కటే ఇబ్బంది పడుతుంది, మిగతా పదిహేను నడుస్తాయి. అయితే కొన్ని స్విచ్‌లలో వీటిని మనమే ఆన్ చేయాలి. ఆన్ చేయని రక్షణ ఉన్నా లేనట్టే.

కౌంటర్ కంప్యూటర్లు, అతిథుల వైఫై, సీసీ కెమెరాలు అన్నీ ఒకే నెట్‌వర్క్‌లో ఉండకూడదు. వీల్యాన్ అనే అమరికతో ఒకే స్విచ్‌ను లోపల విడివిడి భాగాలుగా చేయవచ్చు. ఒక భాగంలో మోగిన డప్పు రెండో భాగంలో వినపడదు. టేబుళ్ల కింద చిన్న స్విచ్‌లను ఒకదానికొకటి గొలుసులా తగిలించే అలవాటు మానాలి. ఏ పోర్టు ఏ టేబుల్‌దో రాసిన కాగితం ఒకటి స్విచ్ పక్కనే గోడకు అంటించాలి. దీనికి పైసా ఖర్చు లేదు. సమస్య వచ్చిన రోజున అరగంట మిగిల్చేది మాత్రం ఆ కాగితమే.

వరుసలో నిలబడిన మనకు ఇవన్నీ తెలిసి ఏం లాభం అనిపించవచ్చు. లాభం ఉంది. ‘సర్వర్ డౌన్’ అన్న జవాబు దగ్గర ఆగిపోకుండా ఇంకో ప్రశ్న అడగవచ్చు: “మీ ప్రింటర్ పనిచేస్తోందా?” దానికి వచ్చే జవాబును బట్టి కౌంటర్ అవతల ఉన్న మనిషికి తాను ఎవరికి ఫోన్ చేయాలో, ఏ కేబుల్ వైపు చూడాలో తెలుస్తుంది. మనకు కూడా అక్కడే కాసేపు ఆగాలో, రేపు రావాలో తెలుస్తుంది.